పురుగు సాక్ష్యం

దొంగన్నవాడు ఎత్తుకుపోతాడు. ఈ ముసలాయన తెచ్చి పెడుతున్నాడు.

కూలీలు భోజనాలకి వెళ్ళిన వేళ, పరిశోధన క్షేత్రంలోని సోయా మడుల మధ్య గొంతుక్కూర్చుని, పక్క మడుల్లోంచి లద్దెపురుగుల్ని ఏరి, పదిహేడో మడి ఆకులమీద ఒక్కొక్కటే వదులుతున్నాడు.

అది చూసి కొత్త ఆఫీసరు గట్టు దిగి పరుగెత్తాడు. పండ్ల తోటల విభాగం నుంచి బదిలీ మీద వచ్చి మూడు రోజులే అయింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, తిండి మానేసి మరీ పొలమంతా తిరుగుతున్నాడు కానీ ఫైలు మాత్రం ఇంకా విప్పలేదు. ఒక్క సంగతి చెవిన పడింది. వచ్చేవారం కమిటీ ఆ పదిహేడో మడిలోని కొత్త రకానికి సరేనంటే విత్తనం రైతులకి వెళుతుంది, తనకి మంచి పేరొస్తుంది.

"ఏయ్! ఏం చేస్తున్నావక్కడ?"

"మేపుతున్నాను బాబూ."

"పురుగుల్నా? ఎవడు పంపాడు నిన్ను, మందుల కంపెనీ వాళ్ళా?"

ముసలాయన నవ్వాడు.

"వాళ్ళకి నేనంటే గిట్టదు. ఈ ఆకు తడిమి చూడండి, ఎంత నూగుందో! పురుగుకి ఇది మింగుడు పడదు."

"పడనప్పుడు ఎందుకు ఎక్కిస్తున్నావ్?"

"పడదని నేనంటే సరిపోతుందా? పురుగు అనాలి కదా."

"నాతోనా వేళాకోళం?"

ఆఫీసరు ఆయన రెక్క పట్టుకుని గేటు బయటికి గెంటాడు. చెప్పొకటి లోపలే ఉండిపోయింది.

ముసలాయన కోప్పడలేదు.

"నన్ను గెంటితే గెంటారు. మడులకి మాత్రం మందు కొట్టించకండి బాబూ."

ఆ మాటతో, పంట పాడుచెయ్యడానికే వచ్చాడని ఆఫీసరుకి రూఢి అయిపోయింది. సాయంత్రానికల్లా పొలం మొత్తానికి మందు కొట్టమన్నాడు.

"ఈ పొలానికి కొట్టరండీ..." మేస్త్రి నసిగాడు.

"కొట్టమంటున్నది నేను!"

వారం తిరిగింది. కమిటీ పెద్ద వచ్చి పదిహేడో మడి చూశాడు. ఆకులు నవనవలాడుతున్నాయి. పక్క మడులు చూశాడు. అవీ అంతే.

"పురుగేదయ్యా?"

"ఒక్కటీ మిగల్లేదు సార్. దగ్గరుండి మందు కొట్టించాను."

కమిటీ పెద్ద పెన్నుకి మూత పెట్టేశాడు.

"పురుగే లేని పొలంలో, ఈ రకం పురుగుని తట్టుకుందని ఎలా రాయమంటావు?"



"వచ్చే ఏడు మళ్ళీ వేయిస్తాను సార్."

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటావా? మూడేళ్ళ పరీక్షలో ఇదే ఆఖరు ఏడు. ఇక ఈ రకాన్ని కొట్టేసినట్టే. పద్దెనిమిదేళ్ళు కష్టపడి ఈ ఒక్క విత్తనాన్నే తయారుచేసిన శాస్త్రవేత్తకి నేనేం చెప్పను? రిటైరైనా ప్రతి పంటకీ వస్తాడు. తన రకాన్ని పురుగు పట్టకుండా ఎవరో కాపాడారని రేపెవరూ అనకూడదని, పక్క మడుల్లో పురుగుల్ని తన చేత్తోనే ఏరి దానిమీద వదులుతాడు. ఈసారి రాలేదా?"

గేటు లోపల ఇంకా అలాగే పడున్న ఒంటి చెప్పు వైపు చూశాడు ఆఫీసరు.