రెండో గ్లాసు

ప్లెయిన్స్‌బరోలో కూతురి అపార్ట్‌మెంట్‌కి వచ్చిన రిటైర్డ్ ఇరిగేషన్ ఇంజనీరు సీతారామయ్య, ఆమె టర్కీలో తీసిన ఫొటోలు చూస్తున్నాడు.

"ఇది హసన్‌కీఫ్ నాన్నా, టైగ్రిస్ ఒడ్డున. రోమన్ల నుంచి ఒట్టోమన్ల దాకా అందరూ ఏలిన ఊరు. డ్యామ్ పూర్తయితే మునిగిపోతుందట," అంది నీహారిక.

"నీళ్లు ఎంత ఎత్తుకొస్తాయి?"

"ఇదిగో, ఈ ముసలాయన ఇంటి గోడ మీద సర్వేవాళ్లు మార్క్ చేశారు, చూడు. గీత గీయడానికొచ్చిన వాళ్లకి ఈయనే టీ పెట్టిచ్చాడట."

సీతారామయ్య ఫొటో పెద్దది చేసి చూశాడు.

"గీత కాస్త వంకరపోయింది."

"నాన్నా! అసలు వాళ్లకి ఆ టీ గొంతు దిగిందంటావా?"

"శ్రీశైలం డ్యామ్ అప్పుడు, నేను గీత గీసిన ఇంట్లో మజ్జిగ ఇచ్చారు," అన్నాడాయన. "ఎండగా ఉంది. రెండో గ్లాసు అడిగి తాగాను."