ఇప్పటి భర్త దరఖాస్తు

"కేసులో మీరు పార్టీయేనా?" అని అడిగాడు రికార్డు గుమాస్తా, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని.

"కాదండీ. ఆమె భర్తని."

"విడాకుల కేసంటున్నారు. భర్తంటే పార్టీయే కదండీ."

"ఆ భర్తని కాదు. ఇప్పటి భర్తని," అన్నాడు మెకానిక్, వెనక లైన్లో ఉన్నవాళ్ళకి వినపడకూడదని గొంతు తగ్గించి. వినపడనే వినపడింది. వెనకున్న ముసలాయన దగ్గు ఆపుకుని మరీ చెవి ఒగ్గాడు.

పెళ్ళైన ఈ రెండేళ్ళూ మెకానిక్ అడిగిందే అడుగుతున్నాడు, ఆ మొదటివాడు ఎలాంటివాడని. భార్య చెప్పిందే చెబుతోంది. "మంచివాడేనండీ. కుదరలేదు, అంతే." తాగేవాడని చెప్పినా ఇతనికి హాయిగా ఉండేది. కొట్టేవాడంటే జాలిపడి, ఓదార్చి, కంటినిండా నిద్రపోయేవాడు. మంచివాడట! మంచివాడితో కుదరకపోవడమేమిటి? ఒకవేళ కుదరకపోయినా, మంచివాడు మనసులోంచి పోతాడా? మోటారు శబ్దం వింటే చాలు, రోగమేమిటో చెప్పెయ్యగల మనిషి, ఇంట్లో మనిషి దగ్గర మాత్రం ఏమీ తేల్చుకోలేక కుళ్ళిపోతున్నాడు. వాడిలో ఒక్క తప్పు, ఒకే ఒక్కటి, కోర్టు ముద్రతో చేతికొస్తే ఈ కడుపుమంట చల్లారుతుందని అతని ఆశ.

కేసు నంబరు తెలీదు. సంవత్సరం మాత్రం తెలుసు, ఆరేళ్ళ కిందటిది. గుమాస్తా విసుక్కుంటూనే ఆ ఏటి రిజిస్టరు తీసి ముందు పడేశాడు. చిన్న ఊరి కోర్టు కాబట్టి అన్నీ ఒకే పుస్తకంలో ఉన్నాయి. గట్టు తగాదాలు, బావి తగాదాలు, మధ్యమధ్యలో కాపురాలు. మెకానిక్ గ్రీజు మరకల వేలితో ఒక్కో పేరూ దిగుతూ వచ్చి ఒకచోట ఆగిపోయాడు. ఒకే గీత మీద ఇద్దరి పేర్లూ పక్కపక్కనే ఉన్నాయి. మధ్యలో వర్సెస్ అని రాసి ఉన్నా, అతని కంటికి అది పెళ్ళికార్డులాగే కనపడింది.

నంబరు సరిచూడటానికి గుమాస్తా లోపల్నుంచి కట్ట తెచ్చాడు. వేలెడంత మందం కూడా లేదు.

"ఇంత సన్నగా ఉందేమిటండీ?" అన్నాడు మెకానిక్. పోట్లాడుకున్నవాళ్ళ కేసైతే ఇంకా లావుండాలి కదా.

ఒక్కసారి తిరగేసి ఇచ్చేస్తానని బతిమాలాడు. కుదరదన్నాడు గుమాస్తా. పార్టీ కానివాళ్ళు నకలు ఎందుకు కావాలో ప్రమాణపూర్వకంగా రాసివ్వాలి, దాని మీద ఆఫీసు చెయ్యాల్సినవి చేస్తుంది, మూడు వారాలాగి రమ్మన్నాడు.

బయట రేకుల షెడ్డు కింద టైపిస్టు కారణమేమిటని అడిగాడు. మెకానిక్ ఉన్నదున్నట్టు చెప్పేశాడు. నా భార్య మనసు ఇంకా ఆమె మొదటి భర్త మీదే ఉందని నాకు అనుమానంగా ఉన్నందున, అని టకటకా టైపు కొట్టి ఇచ్చాడతను. మెకానిక్ సంతకం పెట్టాడు. దరఖాస్తు వెనకవైపు చిన్న అక్షరాల్లో ఏవో నిబంధనలున్నాయి. కొత్త ఇంజను కొంటే దాంతో వచ్చే పుస్తకమే చదవని మనిషి, అవేం చదువుతాడు!

మూడో వారం, గురువారం మధ్యాహ్నం, అన్నం పెడుతూ పెడుతూ భార్య గరిటె పక్కన పెట్టి ఎదురుగా కూర్చుంది.

"నా గురించి మీకు తెలుసుకోవాలని ఏమైనా ఉందా? ఉంటే నన్నే అడగండి. ఇప్పుడు ఏదడిగినా చెబుతాను."

మెకానిక్ ముద్ద కలుపుతూ లెక్కేసుకున్నాడు. నాలుగు రోజుల్లో కోర్టు ముద్రతో నిజం చేతికొస్తుంటే, ఈ నోటిమాట ఎవరికి కావాలి?

"నీ మీద నాకు అనుమానమేమిటే, పిచ్చిదానా," అని నవ్వాడు.

ఆమె అతని మొహంలోకి ఒకసారి చూసి, గరిటె గిన్నెలో పెట్టింది. లేచి వెళ్ళిపోయింది.

సోమవారం పన్నెండింటికి లైన్లో అతని వంతు వచ్చింది.

"కొట్టేశారండీ," అన్నాడు గుమాస్తా. "పార్టీలిద్దరూ అభ్యంతరం చెప్పారు."

"ఇద్దరా? ఆవిడకెలా తెలిసింది?"

పార్టీలకి నోటీసు పంపకుండా బయటివాళ్ళకి నకలివ్వరని, ఆ సంగతి దరఖాస్తు వెనకే అచ్చయి ఉందని గుమాస్తా ఓపిగ్గా చెప్పాడు. నోటీసులు ఫైల్లో ఉన్న అడ్రసులకే వెళతాయి. కేసు రోజుల్లో ఇద్దరిదీ ఒకటే ఇల్లు. అందుకని రెండు నోటీసులూ మొదటి భర్త ఇంటికే పోయాయి. ఆయన ఆవిడ అడ్రసు కనుక్కుని, ఆవిడ నోటీసు గురువారం పొద్దున ఆవిడకి అందించాడట. శుక్రవారం ఇద్దరూ వచ్చి ఒకే కాగితం మీద సంతకాలు పెట్టి ఇచ్చారు.

మెకానిక్‌కి ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది. ఆరేళ్ళుగా మొహమొహాలు చూసుకోనివాళ్ళని తానే దగ్గరుండి కలిపాడు.

"నవ్వుకుంటూ మాట్లాడుకున్నారా?" అని అడిగాడు. ఆ ప్రశ్న తన నోట్లోంచే వచ్చిందని తెలిసి సిగ్గేసింది, అయినా జవాబు కోసం కౌంటరు మీదికి వంగాడు.

"మాట్లాడుకోవడానికేముందండీ, సంతకం పెట్టి ఆయన అటునుంచటే వెళ్ళిపోయారు. మీ ఆవిడే ఆగి, మీ దరఖాస్తు నకలు తీసుకెళ్ళారు. పార్టీ కదా, ఒక్కపూటలో ఇచ్చేశాం."

"నా దరఖాస్తా? అది తనకెందుకు?"

గుమాస్తా చుట్టూ చూసి, ఈ ఏటి రిజిస్టరు ఆఖరి పేజీ తీసి, అతనివైపు తిప్పాడు. ఇంకా తడారని గీత మీద భార్య పేరు, పక్కనే తన పేరు ఉన్నాయి.

"ఇప్పుడే వేసి వెళ్ళారండీ, విడాకులకి. మొదటి సాక్ష్యం మీ దరఖాస్తే."