బొమ్మ కింద రెండు మాటలు

"గ్రాఫిక్," అంది కంప్యూటర్.

శారమ్మ మీట నొక్కింది. "గ్రాఫిక్," అంది మళ్ళీ అది. ఇంకోసారి నొక్కింది. అదే మాట.

శారమ్మకు పుట్టుకతోనే చూపు లేదు. నిజామాబాద్‌లో ఒక బ్యాంకులో టెలిఫోన్ ఆపరేటర్. తెర మీది రాతను పైకి చదివి వినిపించే కంప్యూటర్ ఆమె బల్ల మీద ఉంది. రాత అయితే గడగడా చదువుతుంది. బొమ్మ అయితే 'గ్రాఫిక్' అని ఊరుకుంటుంది.

ఆమె తెరిచింది బోధన్‌లోని నాగకుమారి సిల్క్స్ వాళ్ళ ఇంటర్నెట్ కొట్టు. దుబాయిలో కూర్చుని చీర ఎంచుకుంటే మోర్తాడ్‌లో భార్య చేతికి అందుతుందని పేపర్లో పెద్ద ప్రకటన వేశారు. అందులో వందల చీరలున్నాయి. శారమ్మకు మాత్రం ఒక్కటీ లేదు.

పోయిన క్రిస్మస్‌కు ఆమె బజారుకు వెళ్ళి చిలకపచ్చ చీర అడిగింది. కొట్టువాడు "ఇదిగో చిలకపచ్చ" అని చేతిలో పెట్టాడు. అది కట్టుకుని చర్చికి వెళితే పక్కింటి జ్ఞానమ్మ చెవిలో చెప్పింది. "అక్కా, ఇది పచ్చది గాదే. ఎలిసిపోయిన బురద రంగు."

నోటిమాటైతే ఎవరైనా బుకాయిస్తారు. రాసిపెట్టి ఉంటే బుకాయించలేరు. అందుకే ఇంటర్నెట్‌లో వెతికింది. అక్కడా రాత లేదు.

బస్సెక్కి బోధన్ వెళ్ళింది.

కొట్టు యజమాని బసవయ్య. చెరకు సాగుకని కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఆయన మీద ఊళ్ళో రెండు ఫిర్యాదులున్నాయి. ఒకటి గర్వం. ఎదురుపడి నమస్కారం పెట్టినా పలకడు. రెండోది పెళ్ళాం పిచ్చి. అరవై దాటినా నాగకుమారి చెయ్యి పట్టుకోనిదే గుమ్మం దిగడు. బట్ట సంగతి మాత్రం ఆయనకు తెలిసినట్టు ఆ చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియదు.

"సేటూ, బొమ్మ కింద రెండు మాటలు రాయించుండ్రి. రంగేంది, అంచేంది. గంతే," అంది శారమ్మ.

"చీరంటే చూసి కొనుక్కునేది తల్లీ. ఎవర్నన్నా తోడు తెచ్చుకో," అన్నాడు బసవయ్య, తల కూడా తిప్పకుండా.

"తోడు తెచ్చుకుంటే వాళ్ళకు నచ్చిన చీరయితది. నాకు నచ్చింది గావాలె."

"ఇది కళ్ళున్నవాళ్ళ కొట్టమ్మా!" ఆయన గొంతు లేచింది. పక్కనే కూర్చున్న నాగకుమారి "ఊరుకోండి" అంటూ ఆయన చేతి మీద చెయ్యి వేసింది.

శారమ్మ జిల్లా వినియోగదారుల ఫోరంలో కేసు వేసింది. లాయర్ని పెట్టుకోలేదు.

బసవయ్య లాయరు రామస్వామి రాజీ పడదామన్నాడు. "రాయిస్తే అయిపాయె గద సేటూ. ఒక్కపూట పని."

"ఒక్క అక్షరం రాయించను. గుడ్డివాళ్ళు చీరల బేరం చేస్తారంటే నలుగురూ నవ్విపోరూ? ఇంకెప్పుడూ ఆ మాట నా దగ్గర ఎత్తకు."

రామస్వామికి ఫోరంలో వాదించక తప్పలేదు.

"అయ్యా, ఇవాళ చూపు లేనివాళ్ళు చీరల కొట్టు మీద కేసు వేశారు. రేపు చెవిటివాళ్ళు బ్యాండు మేళం మీద వేస్తారు. ఎల్లుండి పళ్ళు లేనివాళ్ళు చెరకు రైతు మీద వేస్తారు!"

గదంతా గొల్లున నవ్వింది. ఆ ఊపులో ఆయన శారమ్మ వైపు తిరిగాడు. "అసలు నీకు రంగుతో పనేంటమ్మా?"

"నాకు కనబడదు సార్. నన్ను సూసేటోళ్ళకు కనబడ్తది గద. నా ఒంటి మీది చీర సంగతి మీ అందరికి తెలుసు, నాకే తెల్వొద్దంటరా?"

నవ్విన వాళ్ళు సర్దుకుని కూర్చున్నారు.

సాక్ష్యం చెప్పడానికి బసవయ్య వచ్చాడు. నాగకుమారి చెయ్యి పట్టుకునే వచ్చాడు. "కోర్టుల గూడ ఇడుస్తలేడు సూడు," అని వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు.

"సేటూ, మీ ఇంటర్నెట్ల అన్నిటికన్న మంచి చీర ఏది?" అడిగింది శారమ్మ.

"చాలా ఉన్నాయి. అవన్నీ మా ఆవిడ చూసుకుంటుంది."

మళ్ళీ నవ్వులు.

"మీరు ఒక్కసారన్న సూసిండ్రా?"

"నాకంత తీరికేదీ?" బసవయ్య జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

తీర్పు శారమ్మ వైపు వచ్చింది. ప్రతి బొమ్మ కిందా రంగు, అంచు, నేత తెలిసేలా రాయించాలని ఫోరం ఆదేశించింది. బసవయ్య మండిపడతాడని రామస్వామి భయపడ్డాడు. ఆయన మండిపడలేదు.

"ఆ అమ్మాయి వెంట ఎవరొచ్చారయ్యా?" అన్నాడు మెల్లగా.

"ఎవ్వరు లేరు సేటూ. ఒక్కతే వస్తది, ఒక్కతే పోతది."

"బస్సులోనా?"

"బస్సులనే."

వరండాలో పేపరు ఫోటోగ్రాఫర్ కాచుకుని ఉన్నాడు. నిజామాబాద్‌లో ఇలాంటి కేసు ఇదే మొదలట. వార్తకు ఫోటో కావాలన్నాడు. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టాడు. "సేటూ, జర చెయ్యి గలపుండ్రి. అమ్మా, నువ్వు గూడ."

శారమ్మ నవ్వి చెయ్యి చాపింది.

నాగకుమారి కంగారుగా ముందుకు రాబోయింది. బసవయ్య వద్దన్నట్టు ఆమె చేతిని వదిలించుకుని, తనంతట తానే ఒక అడుగు వేసి, చెయ్యి చాపాడు.

అందరూ చూస్తుండగా ఆ రెండు చేతులూ జానెడు ఎడంలో, ఒకదాన్నొకటి వెతుక్కుంటూ, గాలిని తడుముతూ ఉండిపోయాయి.