దారి లేని లారీ

ఆ లారీని ఎత్తుకుపోవాలంటే తలుపు జోలికి పోయి లాభం లేదు, గోడే విప్పాలని తాపీ మొదటిరోజే తేల్చుకున్నాడు.

అసలు పేరు వేరే ఉంది గానీ లోకానికి అతను తాపీయే. ఒకప్పుడు ఇటుక మీద ఇటుక పేర్చి గోడలు కట్టేవాడు. కట్టడంలో కంటే విప్పడంలో లాభం ఉందని తెలిశాక వృత్తి మారింది, పేరు మాత్రం మిగిలింది. చప్పుడు కాకుండా ఇటుకలు ఊడదీయడంలో అతన్ని మించినవాడు లేడు. కాకపోతే ఈమధ్య ఇంట్లో పోరు ఎక్కువైంది.

"ఇంకొక్కటి. అంతే. ఆ తర్వాత కూడా దొంగతనానికి పోయావో, పిల్లని తీసుకుని మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోతా" అని పెళ్ళాం కుండబద్దలు కొట్టి చెప్పింది. అన్నంత పనీ చేసే మనిషి. అందుకే ఆ ఒక్కటీ జీవితానికి సరిపోయేది కావాలనుకున్నాడు. సొంత లారీ ఉంటే ఇసుకో ఇటుకో తోలుకుని నిజాయితీగా బతకవచ్చు. ముందు లారీని దొంగిలించాలి, ఆ తర్వాతంతా నిజాయితీయే.

లారీ కథ ఊరందరికీ తెలుసు. మెకానిక్కు ఒక పాతకాలపు లారీని ఇంటి వెనక షెడ్డులోకి చేర్చి, ఆరేళ్ళు దానితోనే కాపురం చేశాడు. ఉన్న ఇంజన్ పక్కనే ఇంకో ఇంజన్ బిగించాడు. రెండూ పట్టేలా ముందుభాగాన్ని మూరెడు వెడల్పు చేశాడు. ఇంజన్ల మధ్య సందును వెంట్రుకవాసి తేడా రాకుండా కొలిచిన ఆ మహానుభావుడు షెడ్డు గుమ్మం కొలవడం మరిచిపోయాడు. బండి తయారైంది, బయటికి మాత్రం రాదు.

వెనకగోడ తీసేస్తే నేరుగా వెనకవీధిలోకి దారి. కానీ మెకానిక్కు గునపం ఎత్తేసరికి అతని తల్లి గోడకు వీపు ఆనించి కూర్చుంది.

"మీ నాన్న కట్టిన గోడరా ఇది. ముందు నన్ను పొడిచి, తర్వాత దీన్ని పొడువు" అంది.

ఆదివారం పాత బండ్ల పోటీ. అది దాటిపోతే సోమవారం లారీని ముక్కలు చేసి ఇనుము కింద అమ్మేస్తానని కొడుకు అన్నం మానేసి కూర్చున్నాడు.

గురువారం తాపీ భుజాన గోనెసంచి వేసుకుని, "పాత ఇనుము కొంటాం!" అంటూ ఆ ఇంటిముందు కేక పెట్టాడు. మెకానిక్కు లేడు. ముసలమ్మ తలుపు తీసి అతన్ని నెత్తి నుంచి కాళ్ళ దాకా చూసింది.

"ఉంది నాయనా, లారీ అంత ఇనుముంది. లోపలికి రా, చూద్దువుగాని."

షెడ్డులో తాపీ లారీ చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"ఒకటే తాళంచెవి, రెండు ఇంజన్లూ లేస్తాయి. అది బండికే ఉంటుంది, మావాడు తియ్యడు" అంది ముసలమ్మ.

"గోడ గట్టిదేనా అమ్మమ్మా?"

"అబ్బే, మట్టితో కట్టింది. కప్పు బరువంతా ఆ ఇనపస్తంభాల మీదే. గోడ ఉత్త బడాయికి నిలబడింది."

"మీరు ఇల్లు వదిలి ఎక్కడికీ వెళ్ళరేమో?"

"ఎందుకెళ్ళం? శనివారం పెళ్ళి. వెనకవీధి అంతా మా చుట్టాలే. పొద్దున పోతే సాయంత్రానికే అందరం రావడం."

అడిగినవాటికీ అడగనివాటికీ జవాబులు చెబుతుంటే తాపీకి ఆమె మీద జాలేసింది. దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే. ఇంత అమాయకురాలు ఇన్నాళ్ళు ఎలా నెట్టుకొచ్చిందో అనుకున్నాడు.

శనివారం వీధి ఖాళీ అవగానే పని మొదలుపెట్టాడు. ఇటుకలు ఒక్కొక్కటే ఊడదీసి, పాత అలవాటు కొద్దీ పక్కన వరుసగా పేర్చాడు. మధ్యాహ్నం దాటేసరికి గోడ ఉన్నచోట వీధి కనిపించింది. లారీ ఎక్కి తాళంచెవి తిప్పాడు. రెండు ఇంజన్లూ గర్రుమన్నాయి. అతని గుండె మూడో ఇంజన్‌లా కొట్టుకుంది.

లారీ పెళ్ళికొడుకులా వీధిలోకి వచ్చి, పది గజాలు నడిచి, దగ్గింది. ఒక ఇంజన్ ఆగింది. ఒంటరిగా ఉండలేక రెండోది కూడా ఆగింది. చూస్తే పెట్రోలు చుక్క లేదు.

"డబ్బాల్లోకి తోడి మంచం కింద పెట్టానులే. గోడ దాటేంత ఉంచాను" అని కిటికీ పక్కన గొంతు వినిపించింది.

పెళ్ళికి పోయిందనుకున్న ముసలమ్మ చేతికర్ర పట్టుకుని నిలబడి ఉంది. తాపీ తేలు కుట్టిన దొంగలా సీట్లో ఒదిగిపోయాడు. పెళ్ళాం మూట సర్దుకుంటున్నట్టే అనిపించి ఏడుపొచ్చింది.

"పోలీసులకి చెప్పారా అమ్మమ్మా?" అన్నాడు.

"వాళ్ళెందుకు? తాళంచెవి ఇలా ఇచ్చి, మావాడొచ్చేలోపు వెళ్ళు. దొంగలు పడ్డారని నేను గొల్లుమనాలి. ఆ ఇటుకలు పేర్చిన తీరు చూస్తే చెయ్యి తిరిగిన మేస్త్రీవే. సోమవారం రా, అక్కడ పెద్ద గేటు కట్టే పనుంటుంది."

తాపీ దిగి తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు గానీ, వెళ్ళకుండా అక్కడే నిలబడ్డాడు.

"నేను దొంగనని మీకు ముందే తెలుసా?"

"తక్కెడ లేకుండా ఇనుము కొనడానికొచ్చినవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను."

"మరి ఆ గోడ కోసం కన్నకొడుక్కే అడ్డం కూర్చున్నారుగా! తెలిసీ నాతో ఎందుకు తీయించారు?"

ముసలమ్మ ఇటుకల వరుస వైపు చూసి కళ్ళు తుడుచుకుంది.

"మన ఇంటివాళ్ళెవరూ ఆ గోడ మీద చెయ్యి వెయ్యకూడదని పోయేముందు మా ఆయన నాతో ఒట్టు వేయించుకున్నాడు నాయనా, దొంగల సంగతి మాత్రం ఎత్తలేదు."