మూడో పాటలో లోపం

రికార్డుల ఫ్యాక్టరీలో ఆమె పని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కొత్త రికార్డుల్లో గీతలు, చిటపటలు పట్టుకోవడం. ఆ వారం ఓ కొత్త ఆల్బమ్ వచ్చింది. హెవీ మెటల్ అన్నారు. చెవులు చిల్లులు పడుతున్నాయని తోటివాళ్లు తిట్టుకున్నారు. ఆమె మాత్రం వరసగా ఐదు రికార్డులు వెనక్కి పంపింది.

సూపర్‌వైజర్ వచ్చాడు. "ఏంటమ్మా లోపం?"

"మూడో పాటలో ఎవరో ఏడుస్తున్నారు సార్. గొంతు చించుకుని."

అతను విని నవ్వాడు. "అది పాటేనమ్మా. పాడేవాడే అలా అరిచాడు."

"ఇలా ఏడవనిస్తారా సార్?"

"ఏడవనివ్వడమేంటి, మొదటి విడత విడుదలకు ముందే అమ్ముడైపోయింది. జనం ఎగబడుతున్నారు!"

అతను వెళ్లిపోయాడు. పదకొండేళ్ల కిందట భర్త శవం దగ్గర నోరు తెరవబోతే, "ఊరుకో, నలుగురూ వింటారు" అంది ఆడపడుచు. ఆమె ఊరుకుంది. ఎవరూ లేని ఒంటిగదిలో కూడా ఊరుకునే ఉంది.

ముల్లు మళ్లీ మూడో పాట మీద పెట్టి, శబ్దం చివరిదాకా పెంచింది.

కాసేపటికి పక్క సీటామె పరుగున వచ్చి హెడ్‌ఫోన్లు లాగేసింది. హాలంతా మార్మోగుతున్నది తన ఏడుపేనని ఆమెకు అప్పుడు గానీ తెలియలేదు.

"ఏమైందక్కా?"

"ఉండమ్మా, పాట ఇంకా అవలేదు" అంటూ ఆమె వాటిని మళ్లీ తగిలించుకుంది.