దూదికి మతిమరుపు

ఆ ఉదయం ఆకాశం పిండకుండా ఆరేసిన దుప్పటిలా ఉంది. కురవదు, తెరిపి ఇవ్వదు. రెయిన్‌కోటు వేసుకోవాలా వద్దా తేల్చుకుందామని తాళాలాయన పెరటి తలుపు తీసి తలెత్తి చూశాడు. కాళ్ళ మధ్య నుంచి ఏదో మెత్తగా రాసుకుంటూ పోయింది. తల దించేసరికి గోడ మీద బూడిద రంగు తోక ఒక్కటే కనిపించింది. ఆ తర్వాత అదీ లేదు.

ఊళ్ళో సగం తలుపులకు తాళాలు బిగించిన మనిషి ఆయన.

పోయింది దూది. పర్షియన్ పిల్లిపిల్ల. భార్య రెండేళ్ళు కుట్టుమిషను తొక్కి కూడబెట్టిన డబ్బుతో కొనుక్కుంది. నిన్ననే తల్లిని వెంటబెట్టుకుని అక్కగారింటికి వెళ్తూ, గుమ్మంలో ఆగి మరీ చెప్పింది.

"ఏవండీ, చిలక పంజరం తెరిచిపెట్టారు, ఊరుకున్నాను. చేపలకి నీళ్ళు మార్చడం మరిచిపోయారు, ఊరుకున్నాను. మూడ్రోజుల్లో వస్తాను. దీనికేమన్నా అయిందో, మళ్ళీ అక్క దగ్గరికే పోయి అక్కడే ఉండిపోతాను. నవ్వులాటకి అనట్లేదు."

ఆవిడ నవ్వులాటకి ఏదీ అనదు. పదహారేళ్ళ కాపురంలో ఆయనకు బాగా తెలిసిన సంగతి అదొక్కటే.

మధ్యాహ్నం దాకా గోడలెక్కాడు, మురుగుకాలువల్లోకి వంగి పిలిచాడు. ఆపైన మొహం కడుక్కుని, చొక్కా మార్చుకుని, దూదిని అమ్మిన పిల్లులావిడ ఇంటికి వెళ్ళాడు.

ఆవిడ నేల మీద కూర్చుని తల్లిపిల్లిని దువ్వుతోంది. గోడ వారగా స్టీలు గిన్నెలు వరసగా బోర్లించి ఉన్నాయి. ఇల్లంతా ఫినాయిలు వాసన.

"మా దూదికి తోడుగా ఇంకోటి కావాలండీ. ఒంటరిగా బెంగపెట్టుకుంటోంది," అన్నాడు.

ఆవిడ కళ్ళద్దాల పైనుంచి చూసింది. "తోడుకా?"

"తోడుకేనండీ."

"దాంతో పుట్టిందే ఒకటుంది. ఆఖరుది."

తల్లీ తండ్రీ రెండూ బూడిద రంగువే. ఆ ఈత పిల్లలన్నీ ఒక్క అచ్చులో పోసినట్టు ఉంటాయట. బుట్టలోంచి తీసి చూపించింది. చెవులు, మూతి, తోక అన్నీ దూదివే. తాళాలాయన ప్రాణం లేచి వచ్చింది. తల్లిపిల్లి మాత్రం ఆయన్ని ఒకసారి చూసి, లేచి అవతలి గదిలోకి వెళ్ళిపోయింది.

"ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పకండమ్మా. నేనే చూపించి ఆశ్చర్యపరుద్దామని."

"నాకెందుకు నాయనా, ఇల్లు చేరేదాకా మీ గుట్టు మీది. అందరూ అదే అంటారు," అంటూ ఆవిడ బుట్ట మూత బిగించింది.

స్కూటరు బాగుచేయించడానికి దాచిన డబ్బు అక్కడ ఇచ్చేసి నడుచుకుంటూ ఇంటికి వచ్చాడు. ఆ రెండ్రోజులూ కొట్టు తెరవలేదు. మంచం పక్కన బోర్లా పడుకుని, కిందికి దూరిన పిల్లికి దాని పేరేమిటో చెబుతూనే ఉన్నాడు. అది వినిపించుకోలేదు.

మూడోరోజు ఆడవాళ్ళు దిగారు. భార్య సంచీ కింద పెట్టకుండానే పిలిచింది.

"దూదీ!"

బాకీ వసూలుకు వచ్చిన మనిషిని చూసినట్టు చూసి, పిల్లి మళ్ళీ మంచం కిందికి పోయింది. తాళాలాయన సంచీ అందుకున్నాడు.

"మీరు లేకపోయేసరికి మరిచిపోయినట్టుంది," అన్నాడు.

"దానికి మతిమరుపు ఎక్కువ," అంది భార్య వెంటనే. "పోయిన నెల కూడా ఇంతేగా. గిన్నె ఎక్కడుందో కూడా తెలీనట్టు తిరిగింది."

"ఆ జాతే అంత, అల్లుడుగారూ," అత్తగారు అందుకుంది. "అంతకుముందోసారి నా మీద బుస్సుమంది. తిండిపెట్టే చేతిని! నేనేమన్నా మనసులో పెట్టుకున్నానా?"

భార్య మంచం కింద చెయ్యిపెట్టి దాన్ని బయటికి లాగి ఎత్తుకుంది.

"కాస్త తేలిగ్గా లేదూ?" అన్నాడు తాళాలాయన, తనే ముందు అనడం మేలని.

"ప్రయాణం చేసొచ్చింది మేమైతే తగ్గేది అదీనా?" అని అత్తగారు కసిరింది.

ఇద్దరిలో ఒక్కరూ మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఇంత సులువుగా గట్టెక్కుతానని ఆయన కలలో కూడా అనుకోలేదు. ఆడవాళ్ళు ఇట్టే పసిగడతారంటారే, అదంతా ఉత్తిదేననుకుని ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపోయాడు.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ భోజనాలకు కూర్చోబోతుంటే తలుపు చప్పుడైంది. పిల్లులావిడ. పిల్లల్ని ఇచ్చిన ఇళ్ళకు ఒకసారి వెళ్ళి చూసిరావడం ఆవిడ పద్ధతి.

"రండమ్మా, ముందు భోంచేయండి, మాటలు తర్వాత," అన్నాడు తాళాలాయన ఒక్క ఊపిరిలో. నోట్లో ముద్ద ఉన్నంతసేపూ మనిషి మాట్లాడదని ఆయన ఆశ.

అప్పటికే అత్తగారు ఇంకో కంచం పెట్టేసింది. భార్య ఆవిడ వద్దు వద్దంటున్నా నిండా వడ్డించేసింది. వీళ్ళిద్దరికీ ఇంత మర్యాద ఎప్పట్నుంచి వచ్చిందో ఆయనకు అర్థం కాలేదు.

నలుగురూ తిన్నారు. పిల్లులావిడ కంచంలో కాస్త ఖాళీ కనిపిస్తే చాలు, మూడు వైపుల నుంచీ గరిటెలు లేస్తున్నాయి. పిల్లి వచ్చి ఆవిడ ఒడికి తల రాసింది. ఇంట్లోవాళ్ళు ముగ్గురూ తలలు వంచుకుని తింటున్నారు.

ఆఖరి ముద్ద మింగి, నీళ్ళు తాగి, పిల్లులావిడ వంగి మంచం కింద చూసింది. బీరువా మీద చూసింది. తలుపు వెనక చూసింది. తర్వాత తాళాలాయన భార్య వైపు తిరిగింది.

"మొదట నువ్వొచ్చావు, తర్వాత మీ అమ్మ, ఆ తర్వాత మళ్ళీ నువ్వు, మొన్న ఈయన... ఆ ఈతలో పుట్టిన నాలుగూ ఈ ఇంటికే ఇచ్చాను కదమ్మా, ఇదొక్కటే కనిపిస్తోంది, మిగతా మూడేవీ?"