గచ్చు మీద విమానం

“మారిట్! మన విమానం పెట్టె బయల్దేరిందట!” ఫోన్ చూసి డ్వేన్ కేకేశాడు. విడిభాగాలుగా వచ్చే ఆ చిన్న విమానాన్ని ఇంట్లో తామే బిగించుకోవాలి. అది తమ కొత్తకాపురం కారు షెడ్డులో పడుతుందో లేదో చూడ్డానికి ఆ రాత్రే ఇద్దరూ గచ్చు మీద నీలం టేపుతో రెక్కల్లేని విమానం ఆకారం అంటించారు. లోపల పక్కపక్కనే రెండు సీట్లు.

“నీ పొట్ట పెరిగితే నాకు చోటుండదు మహానుభావా!” అంది మారిట్.

లైటు ఆర్పబోతూ వెనక్కి చూసింది. విమానం ముక్కు దగ్గర టేపు లోపలికి ముడుచుకుపోయి ఉంది, నేలను గుద్దుకున్నట్టు. బయట మంచు, తలుపులన్నీ మూసే ఉన్నాయి. వంగి టేపును సరిచేసి, గట్టిగా అదిమింది. రెండడుగులు వేసేసరికి వెనక టేపు మెల్లగా ఊడుతున్న చప్పుడు. ఈసారి ముడత డ్వేన్ సీటు దాకా వచ్చింది.

“ఇది మనకొద్దు డ్వేన్. నిన్ను ఎక్కనివ్వను.”

“టేపు ఊడిందని విమానం మానేస్తారా, పిచ్చీ?” అతను లైటు ఆర్పాడు. “రేపు పెయింటుతో గీసేద్దాం. అప్పుడెలా ముడుచుకుంటుందో చూద్దాం.”